కూలని విమానం

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. నా గొంతు పెద్దదే గానీ ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. ఇందులో ఉన్న అధికారుల్లో ఇద్దరికి ప్రమోషన్లు వచ్చాయి, మూడో ఆయనకి రేపో మాపో వస్తుందంటున్నారు. దగ్గరగా కూర్చుంటే మెల్లగా చెబుతాను.

మా వీరనారాయణవలసకి విమానాశ్రయం వస్తుందని పద్నాలుగేళ్ల కిందట చెప్పారు. జీడితోటలు కొట్టేసి నేల చదును చేశారు. చుట్టూ ముళ్లకంచె వేశారు. కంచె పక్కన రేకుల కప్పుతో ఒక ఆఫీసు కట్టి, దానికి 'విమానాశ్రయ సన్నాహక కార్యాలయం' అని ఆఫీసుకంటే పొడుగు బోర్డు తగిలించారు. ఆ నేలమీద ఇన్నేళ్లలో దిగినవి కొంగలే. ఒకసారి ఎవరిదో పెళ్లిపందిరి నుంచి తెగిపోయిన బెలూను కూడా దిగింది. దాన్ని చూడడానికి ఊరంతా వెళ్లింది.

ఆఫీసుకి ఎదురుగా బస్సాగే చోటుంది. అక్కడే నా ఇడ్లీ బడ్డీ. అందుకని ఆఫీసులో ఏం జరిగినా నాకు తెలియకపోవడమంటూ లేదు. రోజుకి నాలుగుసార్లు టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్లేదాన్ని.

లోపల ఇద్దరే. ప్రత్యేకాధికారి కూర్మనాథం గారు, గుమాస్తా గవరయ్య. కూర్మనాథం గారు సంతకం పెట్టే ముందు పెన్నుని గాలిలో రెండుసార్లు తిప్పుతారు, కాగితానికి దిష్టి తీస్తున్నట్టు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత పొడుగు అయ్యేది కాదు. గవరయ్య సంగతంటారా, రాని విమానాశ్రయంలో పన్నెండేళ్లు కూర్చోవడం మాటలు కాదు. కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటి పెట్టుకుని పొద్దుపుచ్చేవాడు.

ఆ ఆటలో మొదట ఉన్న విమానాలు మహా పొగరుబోతులట. వంద మీటలు, గడియారాల్లాంటివి రెండొందలు. గవరయ్య వాటిని ఏడాదిపాటు నేలమీదే ఈడ్చాడు. తర్వాత ఎక్కడినుంచో ఇంకో విమానం తెచ్చి ఆ ఆటకి అతికించాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన విమానమట. సన్నటి ఒళ్లు, నడుమ ఒకే దారి, అటు మూడు సీట్లు ఇటు మూడు. దాని ముందుభాగంలో మీటలు చాలానే ఉన్నాయి కానీ ముప్పావు వంతు బొమ్మలే. నొక్కినా ఏమీ అవదు. పచ్చ మీట ఒకటి నొక్కితే లేస్తుంది, దిగాల్సిన ఊరు చెబితే దిగుతుంది. తప్పు చేస్తే తనే దిద్దుకుని, "భేష్! చాలా బాగా నడిపారు!" అంటుంది. దాన్ని చూసినప్పుడు నాకు ఆఫీసే గుర్తొచ్చింది. ఏ మీట నొక్కినా ఏమీ అవదు, చివర్లో అందరికీ భేష్.

ఇప్పుడు ఎర్రయ్యమ్మ సంగతి చెప్పాలి. మా మరిది పెళ్లాం, నాకంటే పదేళ్లు చిన్న, అక్కని పిలిచినట్టు నన్ను 'అప్పా' అంటుంది. మా ఇద్దరిదీ ఒకే పొయ్యి. రెండేళ్ల కిందట దానికి మూత్రపిండాలు చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఊరినుంచి ఎనిమిది గంటలకి ఒక్కటే బస్సు, నేరుగా ఆసుపత్రి గేటు ముందు దింపుతుంది. పదకొండుకి దాని వంతు. పన్నెండు దాటితే ఆ మంచం ఇంకొకరికి. వరసగా మూడుసార్లు రాకపోతే పేరే కొట్టేస్తారు. బయట నలభైమంది ఆ మంచం కోసం కాచుకుని ఉన్నారు. అందులో ఆసుపత్రివాళ్ల తప్పేమీ లేదు. ఆ బస్సే మా ఎర్రయ్యమ్మ ఊపిరి అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

సరే, కథలోకి వస్తాను. ప్రతి నెలా పైనుంచి ఆఫీసుకి ఒక ఫారం వచ్చేది. అందులో 'ఈ నెల దిగిన విమానాలు' అని ఒక గడి. గవరయ్య పన్నెండేళ్లుగా సున్నా చుడుతూనే ఉన్నాడు. ఒక నెల ఉత్తరం వచ్చింది: "సదరు కార్యాలయము వరుసగా నూట నలుబది నాలుగు మాసములు సున్నా ప్రగతి నమోదు చేయుట మిక్కిలి శోచనీయము. ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

కూర్మనాథం గారి మొహం మాడిపోయింది. నేను టీ పెట్టి, గ్లాసు కోసం నిలబడి ఉన్నాను. గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఈ నెల మూడు దిగినాయండి."

"ఏమి దిగాయి?"

"ఇమానాలండి."

"ఎక్కడ దిగాయయ్యా?"

"మనూళ్లోనేనండి. ఆటలో మనూరు నేదు, నానే గీసి ఎట్టినాను. సోమారం ఒకటి, బుధారం రెండు."

కూర్మనాథం గారు ఫారం మరోసారి చదువుకున్నారు. తర్వాత దాన్ని వాడి చేతికిచ్చి, "ఇందులో 'నిజమైన విమానాలు' అని ఎక్కడైనా ఉందేమో చూడు," అన్నారు.

గవరయ్య ముందూ వెనకా చూశాడు. "నేదండి. ఉత్త 'ఇమానాలు' అనే ఉన్నాది."

"అయితే 'నిజమైన' అన్న పదాన్ని మనం చేర్చరాదు. ప్రభుత్వం వాడని మాటను కిందిస్థాయి ఉద్యోగి వాడడం క్రమశిక్షణారాహిత్యం అవుతుంది." పెన్ను గాలిలో రెండు తిప్పులు తిరిగింది. గడిలో మూడు పడింది.

పడిందా? పై ఆఫీసు పట్టికలో మా ఊరి గడి ఎరుపు నుంచి పచ్చకి మారిందట. అభినందనలు వచ్చాయి. వచ్చే నెల ఆరు దిగాలని లక్ష్యం వచ్చింది. అటుపై నెల పన్నెండు. గవరయ్యకి అన్నం తినే తీరిక లేకుండా పోయింది. పాపం, ఆ విమానం అంత సులువుది కాబట్టి సరిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం వాడు కునుకు తీస్తుంటే మోచెయ్యి మీటకి తగిలి విమానం లేచి, తిరుపతిలో దిగి, భేష్ అని కూడా అందిట.

ఆ తర్వాత ఫారంలో ఇంకో గడి పుట్టింది: 'ప్రయాణికుల సంఖ్య'.

ఇక్కడే అసలు సంబరం. కూర్మనాథం గారు ఆఫీసు రేకుల షెడ్డులో కంప్యూటరు వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. అటు మూడు, ఇటు మూడు, నడుమ ఒకే దారి. వెడల్పుగా వేసుకుంటే మోకాళ్లు తగలవు కదా బాబూ అన్నాను. "వద్దమ్మా. ఇది సన్నటి విమానం. కొలతలు ఉల్లంఘిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది," అన్నారు. గోడలమీద పెయింటరు చేత గుండ్రటి కిటికీలు వేయించారు, వాటిలో మబ్బులు. కిటికీ సీటు కోసం ఊళ్లో రెండు కుటుంబాలకి మాటల్లేకుండా పోయాయంటే నమ్మండి.

మొదటి ప్రయాణం రోజున పూజ చేశారు. కంప్యూటరు చుట్టూ గుమ్మడికాయ తిప్పి కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలన్నాడు పంతులు. చక్రాలు ఏవి? చాలాసేపు ఆలోచించి బల్ల నాలుగు కాళ్ల కిందా పెట్టారు. ఒక కాయ జారి బల్ల ఒరిగింది. కూర్మనాథం గారు గంభీరంగా, "స్వల్ప కుదుపు," అని ప్రకటించారు.

ఎక్కే ముందు వేలిముద్ర వేయించుకుని తలా ఒక టికెట్టు చీటీ ఇచ్చారు, ఆపైన తనిఖీ. అంగన్‌వాడీ టీచరు ఈశ్వరమ్మని అక్కడ నిలబెట్టారు. నా నడుమున దోపుకున్న అడకత్తెర తీసేసుకుంది.

"ఓలే ఈశ్వరీ, అది వక్కలు కత్తిరించుకునీదే. ఇమానాన్ని కత్తిరిత్తానా?"

"నానేటి సెయ్యనే మామ్మా, రూలంట. గోళ్లు కూడా సూడమన్నారు, ఏదీ సెయ్యి."

తువ్వాళ్లు ఒళ్లో కట్టుకోమన్నారు, అవే బెల్టులు. ఈశ్వరమ్మ ముందు నిలబడి తలుపులు ఎటున్నాయో చేతులతో చూపించింది. షెడ్డుకి ఒకటే తలుపు, అయినా అటూ ఇటూ ముందుకీ వెనక్కీ చూపించింది. తర్వాత ఉప్మా పొట్లాలు. నిజం చెప్పాలంటే జనం వచ్చింది దానికే. గవరయ్య పచ్చ మీట నొక్కాడు. యాభై ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాం. మధ్యలో లేవబోయిన ఒకాయన్ని, "గాలిలో ఉన్నాం, కూర్చోండి," అని గద్దించారు. చివరికి హైదరాబాదు వచ్చేసిందన్నారు, అందరం చప్పట్లు కొట్టాం. తలుపు తీసి బయటికి వస్తే హైదరాబాదులో మా ఊరి రాములు గేదె పేడ వేస్తోంది.

నవ్వుకున్నాం. ఉప్మా తిన్నాం. ఎవరికేం నష్టం అనుకున్నాం. అక్కడే చేశాం తప్పు. పెద్దవాళ్ల అబద్ధానికి చప్పట్లు కొట్టేటప్పుడు అది మనింటికి ఏ దారిన వస్తుందో చూసుకోవాలి.

పైవాళ్లకి ఈ పద్ధతి మహా నచ్చింది. 'ఇంటికొక పైలెట్' అని పథకం పెట్టారు. ఎవరైనా వచ్చి అరగంట ఆ విమానం నడిపితే సర్టిఫికెట్టు. ఫెయిలవడం కుదరదు, విమానమే ఊరుకోదు. చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు జీపుల్లో వచ్చి చూసి వెళ్లారు. "విమానాశ్రయ నిర్మాణం లేకుండానే విమానయానం సాధించిన తొలి గ్రామం," అని ఒక పెద్దాయన ఉపన్యసించారు. ఆయనకి శాలువా కప్పాం.

ఇలా ఏడాది దాటాక, ఒక సోమవారం సాయంత్రం బస్సు డ్రైవరు చిన్నంనాయుడు నా బడ్డీ దగ్గర దిగి, టీ తాగకుండా నిలబడ్డాడు.

"మామ్మా, రేపట్నుంచి బస్సు రాదు."

"ఏటిరా, ఆగిపోనాదా? రిపేరా?"

"బస్సు బాగానే ఉన్నాది. మీ ఊరే బాగుపడిపోనాది. దారీతెన్నూ నేని ఊళ్లకే మా డిపో ఈ బస్సు నడుపుతాది. మీకు వారానికి పన్నెండు ఇమానాలు దిగతన్నాయని పైనుంచి కాయితం వచ్చినాది. ఇమానం దిగే ఊరికి మారుమూల బస్సెందుకన్నారు. కొట్టేసినారు."

"ఒరే, అది కంప్యూటర్లో బొమ్మరా!"

"నాకు తెల్దేటి? మా డిపో మేనేజరుకీ సెప్పినాను. కాయితంలో బొమ్మని నేదురా అన్నాడు."

మర్నాడు పొద్దున్నే ఎర్రయ్యమ్మని చెయ్యి పట్టుకుని ఆఫీసుకి నడిపించాను. కూర్మనాథం గారు కుర్చీ చూపించారు. మంచివాడే అన్నాను కదా.

"బాబూ, పట్నం ఎల్లకపోతే ఈ మడిసి బతకదు. ఆ ఇమానాలు ఉత్తివని ఒక్క ముక్క రాసి ఇయ్యండి. బస్సు తిరిగొచ్చేత్తాది," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు. "అమ్మా, మీ బాధ సమంజసమే. కానీ ఉత్తివని రాస్తే గత పదమూడు మాసాల నివేదికలు ఏమవుతాయి? మూడువేల ఆరువందల మంది ప్రయాణికులు ఏమవుతారు? వారిలో మీరూ ఉన్నారు. మీ వేలిముద్ర కూడా ఉంది. ప్రభుత్వాన్ని తప్పుదోవ పట్టించారని మీమీదే కేసు వస్తుంది."

"మరి ఈవిడెలా ఎల్లాలి?"

ఆయన మొహం వికసించింది. "దానికి మార్గం ఉంది. పట్నానికి ప్రత్యేక ఆసుపత్రి విమానం నడుపుదాం. మంగళ, శుక్రవారాలు, ఉదయం తొమ్మిదికి. ముందువరుస, కిటికీ సీటు. నిరాకరిస్తే రోగి రవాణాకు సుముఖత చూపలేదని నమోదు చేయాల్సి వస్తుంది."

ఎర్రయ్యమ్మ నా చెవిలో, "అప్పా, కూకుంటే ఒకేల పంపుతారేమోనే," అంది. మనిషికి ప్రాణం మీద ఆశ అలాంటిది. కూర్చుంది. ఒళ్లో తువ్వాలు కట్టుకుంది. తొమ్మిదీ ముప్పావుకి పట్నం చేరిందన్నారు. కాళ్లు వాచి లేవలేకపోతే నేనూ ఈశ్వరమ్మా పట్టుకుని పట్నం నుంచి ఇంటికి తెచ్చుకున్నాం, నూరు అడుగుల దూరం.

అది మొదటి నాగా. శుక్రవారం తెల్లారకుండా బయల్దేరాం. మెయిన్ రోడ్డుదాకా ఒక ఆటో, మండలం దాకా ఇంకో ఆటో. మండలంలో బస్సు అప్పుడే వెళ్లిపోయింది. తర్వాతది ఇంకో రెండు గంటలు పోతే గానీ లేదు. ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. మంచంమీద ఇంకెవరో ఉన్నారు. నర్సమ్మ మంచిది. "ఈ వచ్చే మంగళారం తప్పకుండా రండి పిన్నీ, అదీ పోతే నా చేతుల్లో ఏమీ నేదు," అంది. డాక్టరు ఏదో ఇంజక్షను ఇచ్చి పంపాడు. రెండో నాగా.

సోమవారానికి ఎర్రయ్యమ్మ పడుకుంటే ఊపిరాడటం లేదు, గోడకి ఆనుకుని కూర్చునే ఉంది, మళ్లీ ఆటోలు మారి వెళ్లే స్థితి కాదు. ఆ రోజే ఆఫీసు నుంచి దాని పేరున ఒక కాగితం వచ్చింది. గవరయ్యే తల దించుకుని చదివాడు: "తమరు మంగళవారం నాడు నిర్ణీత సమయమునకు గమ్యస్థానము చేరినట్లు రికార్డులు ధ్రువీకరించుచున్నవి. అయినను చికిత్సకు హాజరు కాకపోవుటకు గల కారణము తెలియజేయవలెను."

ఎర్రయ్యమ్మ నా వంక చూసింది. "అప్పా, నానేటి సెప్పాలి?"

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. గవరయ్యని గుమ్మం బయటికి లాగాను.

"ఒరే, ఈ పీడ ఇరగడయ్యీ దారేటో సెప్పు. నువ్వే గదరా తెచ్చినావు దాన్ని."

వాడు అటూ ఇటూ చూశాడు. "ఒకటే ఉన్నాది మామ్మా. ఇమానం కూలిపోవాల. పెమాదం జరిగితే ఇచారణ అయ్యీదాకా సర్వీసులు ఆపీమని రూలు. పెమాదంలో సిక్కినోలని అప్పటికప్పుడే ఆఫీసు జీపులో ఆసుపత్రికి తీసుకెల్లాల. ఇమానాలు ఆగితే బస్సు దానంతటదే తిరిగొత్తాది. నాను కూల్చినానంటే ఉజ్జోగం పోద్ది. 'ఇంటికొక పైలెట్' కింద నువ్వు కూకో. నీకెలాగూ రాదు గదా, కూలిపోద్ది."

మంగళవారం తొమ్మిదికి ఎర్రయ్యమ్మని ముందువరసలో కూర్చోబెట్టి, ముప్ఫైమందిని వెనక ఎక్కించి, నేను పైలెట్ కుర్చీలో కూర్చున్నాను. కూర్మనాథం గారు ఉప్పొంగిపోయారు. "డెబ్బయి ఒకటో ఏట పైలెట్! ఫోటో తీయండి!"

పచ్చ మీట నొక్కాను. లేచింది. కాస్త పైకి వెళ్లనిచ్చి, విమానాన్ని తిప్పే పుల్లని గట్టిగా ముందుకి తోసేశాను. తెరమీద కొండ మీదికొచ్చింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు. విమానం ముక్కు మెల్లగా తనే ఎత్తుకుంది. 'కొంచెం పైకి వెళదామా?' అని తెరమీద పడింది. గవరయ్య చదివి చెప్పాడు. సముద్రంలోకి తిప్పాను. నీళ్లదాకా వెళ్లి, కొంగలా వాటిమీదనుంచి జారుతూ పైకి లేచింది. గవరయ్య గుసగుసగా చూపించిన మీట నొక్కి ఇంజన్లు ఆర్పేశాను. 'ఫర్వాలేదు, నేను చూసుకుంటాను' అంది. నలభై ఏళ్ల కాపురంలో నా మొగుడు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు, ఈ పాపిష్టి బొమ్మ అంది! పుల్ల అటు తిప్పాను, ఇటు తిప్పాను, మీద పిడికిలితో గుద్దాను. అది నా చేతిలోంచి తప్పించుకుని, చక్కగా తిరిగి, దగ్గర్లో ఉన్న నేల చూసుకుని దూదిపింజలా దిగింది. 'భేష్! చాలా బాగా నడిపారు!'

చప్పట్లు. గడియారం పది దాటింది. ఎర్రయ్యమ్మ కళ్లు మూసుకుని నోటితో గాలి పీలుస్తోంది. అయిపోయింది అనుకున్నాను.

కూర్మనాథం గారు తెర దగ్గరికి వంగి, గట్టిగా చదివారు: "విమానం సురక్షితంగా వీరనారాయణవలసలో దిగినది!"

"ఎక్కడ దిగినాది బాబూ?"

"మన ఊళ్లోనేనమ్మా. పరమ సురక్షితంగా."

"పట్నంలో దిగనేదా?"

"లేదు. సాంకేతిక కారణాల వల్ల దారి మళ్లి..." ఆయన మాట సగంలో ఆగింది. నేను లేచి గోడ దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ గోడకి అద్దం బిగించిన పటం ఒకటి ఉంది. దేశంలో అన్ని విమానాశ్రయాల్లోనూ ప్రయాణికుల హక్కులు వేలాడదీయాలని హుకుం వస్తే, గవరయ్య ఎక్కడిదో యథాతథంగా కాపీ కొట్టి తగిలించాడు. నేను చదివింది మూడో తరగతి. బస్సుల బోర్డులు చూసి కూడబలుక్కోవడం నేర్చుకున్నాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను.

"దా...రి మ...ళ్లిన వి...మానమందలి ప్ర...యాణికులను... గమ్య...స్థానమునకు... రోడ్డు మార్గమున... తక్షణమే చేర్చుట... సంస్థ యొక్క బా...ధ్యత."

"అది..." అన్నారు కూర్మనాథం గారు, "అది నిజమైన విమానాలకి."

"ఏటన్నారు? ఏ మాటన్నారు బాబూ? మల్లీ సెప్పండి, గవరయ్య రాసుకుంటాడు."

వెనకనుంచి ఈశ్వరమ్మ, "ఆ పటంలో 'నిజమైన' అని నేదండి," అంది. తనిఖీ చేసి చేసి దానికీ రూళ్లు ఒంటబట్టాయి. ముప్ఫైమందీ కుర్చీల్లోంచి లేవలేదు. గేదె రాములు, "మాం కూడా పట్నం ఎల్లాల్సినోలమే. టికెట్టుంది," అని చీటీ ఎత్తి చూపించాడు. అందరూ ఎత్తారు.

పెన్ను జేబులోంచి వచ్చింది. గాలిలో ఒకసారి తిరిగింది, రెండుసార్లు తిరిగింది, మూడోసారి కూడా తిరిగింది.

"సదరు అత్యవసర ప్రయాణికురాలిని," అన్నారు ఆయన చివరికి, రాస్తూ, "కార్యాలయ వాహనమందు తరలించుటకు అనుమతించడమైనది. మిగతావారికి తదుపరి ఏర్పాటు."

జీపులో దాన్ని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో ఒకచోట మేకలు, ఒకచోట రైల్వే గేటు. గేటు దగ్గర అది నా చెయ్యి వదిలేసింది. "ఎర్రీ, నిద్రోకే, సూడు, ఏదో ఒకటి వాగు," అని చెంపలు తట్టాను. "ఇమానం... బాగా నడిపినావప్పా," అంది. అంత కష్టంలోనూ వెక్కిరింపే దానికి. ఆసుపత్రి మెట్లెక్కేసరికి పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. నర్సమ్మ అప్పటికే ఇంకొకరి కాగితం చేత్తో పట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి దాన్ని కింద పెట్టింది.

తర్వాత ఏమైందో చెబుతాను, నవ్వకండి. ప్రతి మంగళవారం, శుక్రవారం మేం ఆసుపత్రి విమానం ఎక్కేవాళ్లం. ఎవరో ఒకరు పుల్ల ముందుకి తోసేవారు. విమానం తిరిగి మా ఊళ్లోనే దిగేది. ముప్ఫైమంది జీపులో పట్టరు కదా, దారి మళ్లినవాళ్ల కోసం ఆఫీసు ఒక వాహనం అద్దెకి తీసుకోవాల్సి వచ్చింది. డిపోలో ఖాళీగా ఉన్నది ఒక్కటే, మా పాత బస్సు. డ్రైవరు చిన్నంనాయుడే. కొన్నాళ్లకి ముందు ఎగిరి తర్వాత ఎక్కడమంటే ఆలస్యమవుతోందని కూర్మనాథం గారే ఒక ఉత్తర్వు ఇచ్చారు: "నేరుగా రోడ్డు మార్గమున సాగు విమానము". ఇప్పుడు బస్సు ఎనిమిదికి బయల్దేరుతుంది. ఎక్కేటప్పుడు ఈశ్వరమ్మ గోళ్లు చూస్తుంది. కండక్టరు తువ్వాళ్లు పంచుతాడు. బస్సు పక్కన రెక్కలు కూడా పెయింటు చేశారు.

మొన్న రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. బస్సెక్కి మా ఎర్రయ్యమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, ఈ విమాన సేవ ఎలా ఉంది?" అని అడిగారు. కూర్మనాథం గారు, గవరయ్య, చిన్నంనాయుడు, బస్సులో జనం, అందరం దాని నోటివైపే చూశాం. ఒక్క మాట తేడాగా వస్తే బస్సు పోతుంది. ఎర్రయ్యమ్మ అబద్ధం ఆడి ఎరగదు. చిన్నప్పుడు పక్కింటి జామకాయ కోసినా తనే వెళ్లి చెప్పే మనిషి. అది కిటికీలోంచి కంచె వంక చూసింది. ఖాళీ నేల వంక చూసింది.

"మబ్బుల్లో ఎల్తన్నట్టే ఉన్నాది బావూ," అంది.

ఆయన ఎంతో సంతోషించి రాసుకున్నారు. ఆయన దిగిపోయాక అది అత్తిపత్తిలా ముడుచుకుని పట్నం వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. దాని రక్తం ప్రతి వారం శుభ్రమవుతోంది. ఆ మాట మాత్రం దాని గొంతులో ఉండిపోయింది.

నేను మిమ్మల్ని కూర్చోబెట్టింది ఇందుకే. ఎర్రయ్యమ్మ పోతుంది, నేనూ పోతాను. కాగితాలు పోవు. రేపెప్పుడో ఎవరో బీరువా తెరిచి వీరనారాయణవలసకి వారానికి ఇన్ని విమానాలు వచ్చేవని చదువుతారు, నమ్ముతారు. అప్పుడు అక్కడ మీలో ఒకరైనా ఉండాలి. ఉండి, మీ పిల్లలకీ వాళ్ల పిల్లలకీ గట్టిగానే చెప్పండి: అది బస్సు. ఆరు చక్రాలు, ఎడంవైపు మూడో కిటికీకి అద్దం లేదు, గేరు మార్చినప్పుడల్లా దగ్గేది. అది బస్సు.